సినిమా డిస్కుల బ్యాకప్: చదవలేని చోటును దాచని సాఫ్ట్‌వేర్ కోసం ఒక పరిశీలన

సినిమాను పాఠంగా బోధించే ఒక చిన్న అధ్యయన బృందం తన దగ్గరున్న డిస్కులన్నింటినీ హార్డ్ డిస్కుల మీదికి మార్చుకోదలచి, అందుకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో పరీక్షించి చెప్పమని నన్ను అడిగింది. డిజిటల్ సామగ్రిని భద్రపరచడం నా వృత్తి. ఆ సేకరణలో నాలుగు రకాల డిస్కులున్నాయి: కర్మాగారంలో అచ్చయిన డీవీడీలు, రికార్డర్లలోనో కంప్యూటర్లలోనో రాసుకున్న డీవీడీ-ఆర్‌లు, పాత వీసీడీలు, కొన్ని బ్లూ-రేలు. విద్యార్థులు తీసిన లఘుచిత్రాలు, దర్శకులతో జరిపిన చర్చల రికార్డింగులు ఆ డీవీడీ-ఆర్‌ల మీద తప్ప మరెక్కడా లేవు. అచ్చయిన వాటిలోనూ చాలా సినిమాలు ఇప్పుడు అమ్మకంలో లేవు.

ఏ సాఫ్ట్‌వేర్ వేగంగా, తేలిగ్గా కాపీ చేస్తుందన్నది వారు అడిగిన ప్రశ్న. నేను దాని కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని వారికి వివరించి, పరీక్ష మొత్తాన్ని దాని చుట్టూనే నిర్మించాను: డిస్క్‌లో చదవలేని చోటు ఎదురైనప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ సంగతిని మనకు చెబుతుందా, లేక ఎలాగోలా పూర్తి చేసి ఊరుకుంటుందా? కాపీ తీసిన తరవాత అసలు డిస్కును మళ్లీ బయటికి తీసేవారు అరుదు. కాపీలో లోపం ఉంటే అది ఎన్నో ఏళ్లకు, ఆ దృశ్యం ఎవరికో అవసరమైనప్పుడు బయటపడుతుంది. అప్పటికి అసలు డిస్క్ పూర్తిగా చదవలేని స్థితికి చేరి ఉండవచ్చు. అందువల్ల తన వైఫల్యాన్ని నమోదు చేయని సాఫ్ట్‌వేర్ ఎంత వేగంగా పనిచేసినా బ్యాకప్‌కు పనికిరాదన్న నిర్ణయంతోనే నేను మొదలుపెట్టాను, పరీక్షలు ముగిశాక ఆ నిర్ణయం మరింత బలపడింది.

ముందుగా అనుమతులు

డిస్క్ మన సొంతమైనంత మాత్రాన దాని రక్షణ తాళాన్ని (కాపీ కాకుండా వేసిన సాంకేతిక అడ్డును) తీసి కాపీ చేసుకునే హక్కు అన్ని దేశాల్లోనూ ఉండదు. అమెరికాలో 1998 నాటి డిజిటల్ కాపీహక్కుల చట్టమైన డీఎంసీఏలోని 1201వ సెక్షన్ అలాంటి తాళాలను దాటడాన్ని నిషేధించింది. కొన్ని ప్రత్యేక అవసరాలకు మాత్రం మూడేళ్లకొకసారి మినహాయింపులు ప్రకటిస్తారు. డీవీడీ కాపీ సాఫ్ట్‌వేర్ అమ్మిన 321 స్టూడియోస్ 2004లోనూ, రియల్‌డీవీడీని తెచ్చిన రియల్‌నెట్‌వర్క్స్ 2009లోనూ అక్కడి కోర్టుల్లో ఓడిపోయాయి. మరికొన్ని దేశాల చట్టాలు సొంత వాడకానికి కాపీని అనుమతిస్తాయి గాని, తాళం ఉన్న డిస్కుల విషయంలో ఆ వెసులుబాటు వర్తించకపోవచ్చు. అందుచేత బృందం తన న్యాయవాది సలహా తీసుకుని సేకరణను రెండుగా విడదీసింది. తాళం లేనివి, హక్కుదారుల రాతపూర్వక అనుమతి ఉన్నవి ఒక వైపు. మిగిలినవి మరో వైపు. ఈ నివేదికలోని పనంతా మొదటి భాగానికి సంబంధించినదే. రెండో భాగంలోని డిస్కులను శుభ్రం చేసి, నిలువుగా పెట్టెల్లో అమర్చి, వెలుతురు తగలని చోట ఉంచడంతో ప్రస్తుతానికి సరిపెట్టాము.

ఈ చట్టపరమైన చరిత్రకు సాఫ్ట్‌వేర్ ఎంపికతో నేరుగా సంబంధం ఉంది. ఒకప్పుడు ఎక్కువ మంది వాడిన డీవీడీ డిక్రిప్టర్ అభివృద్ధి 2005లో ఆగిపోయింది. తాళం తీసే ఎనీడీవీడీ సాఫ్ట్‌వేర్‌ను అమ్మిన స్లైసాఫ్ట్ సంస్థ 2016లో మూతపడింది. ఈ రంగంలో ఒక పరికరం నేడు ఉండి రేపు లేకుండా పోవడం మామూలు సంగతి కాబట్టి, ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నా అది తయారుచేసే ఫైలు ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరుచుకోవాలన్నది మా రెండో షరతు అయింది.

చదవడంలో జరిగేదేమిటి

పరీక్ష ఫలితాలు అర్థం కావాలంటే డీవీడీ సమాచారాన్ని ఎలా దాస్తుందో కొంత తెలియాలి. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ, ఒకే వైపున్న రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ పడుతుంది. సమాచారం 2,048 బైట్ల సెక్టర్లుగా ఉంటుంది. 16 సెక్టర్లను కలిపి ఒక దోష సవరణ దిమ్మెగా చేస్తారు, అంటే ఒక్కొక్కటి 32 కేబీ. ఆ దిమ్మెకు జోడించిన రీడ్-సోలమన్ సంకేతాల సాయంతో డ్రైవ్ గీతలనూ ధూళినీ తట్టుకుని అసలు బైట్లను తిరిగి కట్టుకుంటుంది. ట్రాక్ వెంబడి దాదాపు 6 మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా ఈ పద్ధతి దాన్ని నిలబెట్టగలదు. అందుకే మధ్య నుంచి అంచుకు అడ్డంగా పడిన గీత కంటే, ట్రాక్‌తో పాటు గుండ్రంగా పడిన గీత ఎక్కువ ప్రమాదకరం. డిస్కును గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు తుడవమని చెప్పడానికి కారణం ఇదే.

సవరణ శక్తికి మించి నష్టం జరిగితే పోయేది ఒక్క బైటు కాదు, సాధారణంగా దిమ్మె మొత్తం పోతుంది. సెకనుకు 5 మెగాబిట్ల సగటు వేగంతో రాసిన సినిమాలో 32 కేబీ అంటే సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే. కాని డీవీడీలోని ఎంపెగ్-2 వీడియోలో ఒక పూర్తి చిత్రం మీద ఆధారపడి తరవాతి చిత్రాలు నిర్మితమవుతాయి. 25 ఫ్రేముల పద్ధతిలో అలాంటి గుంపు 15 చిత్రాల వరకు ఉండవచ్చు. దెబ్బ ఆ పూర్తి చిత్రానికి తగిలితే సుమారు 0.6 సెకన్ల దృశ్యం చెదిరిపోతుంది. చూసేవారు అది గమనించకపోవచ్చు, గమనించినా ప్లేయర్ తడబాటు అనుకోవచ్చు. నష్టం ఇంత చిన్నగా ఉండటం వల్లనే సాఫ్ట్‌వేర్ దాన్ని నమోదు చేయడం తప్పనిసరి అవుతుంది, ఎందుకంటే రెండు గంటల సినిమాలో దాన్ని కంటితో వెతికి పట్టుకోవడం జరిగే పని కాదు.

డిస్క్ ఆరోగ్యాన్ని కొలిచే మార్గం కూడా ఉంది. డీవీడీ ప్రమాణమైన ఎక్మా-267 ప్రకారం వరసగా ఉన్న 8 దిమ్మెల్లో లోపలి సవరణ (రెండు అంచెల సవరణలో మొదటిది) అవసరమైన వరసలు 280కి మించకూడదు. ఈ సంఖ్యను బయటికి చెప్పే డ్రైవులు కొన్నే ఉన్నాయి. అలాంటి డ్రైవ్ దొరికితే డిస్క్ ఇంకా చదవగలిగే దశలో ఉండగానే దాని క్షీణతను కనిపెట్టవచ్చు. మేము ఆ కొలతను ఏ డిస్కుల పని ముందు చేయాలో నిర్ణయించుకోవడానికి వాడాము. డీవీడీ-ఆర్‌లలో సమాచారాన్ని మోసేది కాలంతో క్షీణించే సేంద్రియ రంగు పొర కాబట్టి, పైకి ఒక్క గీత కూడా లేని డిస్కులే కొన్ని అచ్చు డిస్కుల కంటే చాలా అధ్వానంగా కొలతకు వచ్చాయి.

జవాబు ముందే తెలిసిన డిస్క్

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి సేకరణలోని డిస్కులు వాడితే, వచ్చిన కాపీ సరైనదో కాదో పోల్చడానికి మనకు ఆధారం ఉండదు. అందువల్ల బృందానికే చెందిన వీడియోతో, తాళం లేని ఒక డీవీడీని తయారుచేసి, రాయడానికి ముందే దాని ఇమేజ్‌కు (డిస్క్‌లోని సమాచారమంతా ఉన్నదున్నట్టు ఉండే ఫైలుకు) ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే ఒక్క బైటు మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య, లెక్కగట్టి దాచాము. అదే ఇమేజ్‌ను కొన్ని ఖాళీ డిస్కుల మీద రాసి, ఒకదాన్ని అలాగే ఉంచి, మిగిలిన వాటిని వేర్వేరు మోతాదుల్లో కావాలనే పాడుచేశాము: ఒకదానికి చదివే వైపు సన్నని నల్ల పట్టీ, ఒకదానికి గుండ్రని గీతలు, ఒకదానికి అంచున గరుకు కాగితపు రాపిడి. ఇలా చేస్తే ప్రతి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫైలును అసలు ఇమేజ్‌తో బైటు బైటుగా పోల్చవచ్చు. ఏ సెక్టర్లు పోయాయో మనకు తెలుస్తుంది, సాఫ్ట్‌వేర్ ఏ సెక్టర్లు పోయాయని చెప్పిందో కూడా తెలుస్తుంది. ఆ రెండు జాబితాలు ఎంత దగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేర్ అంత నమ్మదగినది.

పాడుచేయని డిస్క్ మీద పరీక్షించిన పరికరాలన్నీ సరైన ఫలితమే ఇచ్చాయి. ఇక్కడే ఆగిపోతే అన్నీ సమానమే అనిపించేది. సాధారణంగా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కొని చూసేవారు కొత్త డిస్క్ పెట్టి, కాపీ ఆడుతోందని తృప్తిపడి ఊరుకోవడం వల్ల అసలు తేడా ఎప్పటికీ కనబడదు.

పాడైన డిస్కుల దగ్గర నాలుగు రకాల ప్రవర్తన కనిపించింది. కొన్ని పరికరాలు మొదటి దోషం దగ్గరే ఆగిపోయి, అప్పటివరకు రాసినదాన్ని కూడా చెరిపేశాయి. అది నిజాయితీగల ప్రవర్తనే గాని, ఒక్క దిమ్మె కోసం సినిమా మొత్తాన్ని వదులుకోవలసి వస్తుంది. కొన్ని చదవలేని సెక్టర్ సంఖ్యను చూపి, మళ్లీ ప్రయత్నించాలా, వదిలి ముందుకు పోవాలా అని అడిగాయి. ఇమ్‌గ్‌బర్న్ ఈ కోవకు చెందుతుంది. దాని చివరి కూర్పు 2013లో వచ్చినదే అయినా ఇప్పటికీ శ్రద్ధగా పనిచేస్తుంది. మూడో రకం, చదవలేని భాగాన్ని వదిలేసి మిగిలినదాన్ని దగ్గరికి జరిపింది. ఫైలు పరిమాణం తగ్గింది, ఆ చోటు దాటాక మాట ఒక క్షణం, పెదవులు ఒక క్షణంగా విడిపోయాయి. నాలుగో రకమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. డబ్బు పెట్టి కొనే ఒక సాఫ్ట్‌వేర్ చదవలేని సెక్టర్ల చోట సున్నాలు నింపి, ఫైలును సరిగ్గా ఉండవలసిన పరిమాణానికే తెచ్చి, చివర కాపీ విజయవంతమైందన్న పచ్చని సందేశం చూపింది. లాగ్ ఫైలులో ఒక్క దోషం కూడా లేదు. పరిమాణం సరిపోయింది, సినిమా మొదలవుతుంది, అధ్యాయాలు పనిచేస్తాయి. మనిషి సాధారణంగా చేసే తనిఖీలన్నిటిలోనూ అది నెగ్గుతుంది. ముందే లెక్కగట్టిన హ్యాష్ లేకపోతే ఆ నష్టాన్ని మేము కూడా పట్టుకోలేకపోయేవాళ్లం. వేగంలో అది అన్నిటికంటే ముందుంది, ఎందుకంటే అది దోషం దగ్గర రెండోసారి ప్రయత్నించడమే లేదు.

ఈ పరీక్షలో నాకు బాగా నచ్చినది గ్నూ డీడీరెస్క్యూ. ఇది సినిమా కోసం చేసినది కాదు, ఏ నిల్వ సాధనం నుంచైనా సమాచారం రాబట్టే సాధారణ పరికరం. ఇది ముందు తేలిగ్గా చదవగలిగేదంతా చదివి, తరవాత కష్టమైన చోట్లకు తిరిగి వస్తుంది. చదివిన ప్రాంతం ఏది, చదవలేకపోయినది ఏది, ఇంకా ముట్టుకోనిది ఏది అన్నది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైలునూ, సగం నిండిన ఇమేజ్‌నూ ఉంచుకుని, డిస్కును వేరే సంస్థ తయారుచేసిన డ్రైవులోకి మార్చి అదే ఆదేశాన్ని మళ్లీ ఇస్తే, మిగిలిన ఖాళీలను మాత్రమే చదివే ప్రయత్నం చేస్తుంది. లేజర్ గురి, సవరణ చేసే చిప్ డ్రైవును బట్టి మారతాయి కాబట్టి ఒకటి వదిలేసిన సెక్టర్‌ను మరొకటి చదవడం మేము పదేపదే చూశాము. పరీక్ష డిస్కుల్లో దీని జాబితా మా జాబితాతో సరిగ్గా సరిపోయింది. దీనికి బొత్తాములు, బొమ్మలు ఉండవు. ఆదేశాలు టైప్ చేయాలి. బృందంలో ఆ అలవాటు లేనివారి కోసం రెండు వరసల ఆదేశాన్ని ఒక చిన్న స్క్రిప్టులో పెట్టి ఇవ్వడంతో ఆ ఇబ్బంది తీరింది.

వీసీడీల ప్రత్యేకత

డీవీడీకి కుదిరిన పద్ధతి వీసీడీకి కుదరదు, ఈ విషయం చాలా సాఫ్ట్‌వేర్‌లు పట్టించుకోవు. 1993లో వచ్చిన వీసీడీ ప్రమాణంలో వీడియోను సెకనుకు 1,150 కిలోబిట్ల ఎంపెగ్-1గా, మామూలు సీడీ మీదే రాస్తారు. ఎక్కువ నిడివి పట్టించడానికి సినిమా ఉన్న ట్రాకులో సెక్టర్‌కు 2,048 బైట్ల బదులు 2,324 బైట్లు వాడతారు. ఆ అదనపు స్థలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, డేటా సీడీలో ఉండే అదనపు దోష సవరణ పొరను తీసేయడం వల్ల వచ్చింది. అందువల్ల వీసీడీ మీద గీత పడితే, డ్రైవ్ తనకు తోచిన బైట్లను ఇచ్చి, దోషం అన్న మాటే ఎత్తకుండా ముందుకు సాగవచ్చు. ఇక్కడ నిజాయితీ లేనిది సాఫ్ట్‌వేర్ కాదు, డిస్క్ నిర్మాణమే అలాంటిది.

దీనికి రెండు పరిణామాలున్నాయి. మొదటిది, ఐఎస్‌ఓ ఇమేజ్‌లో సెక్టర్‌కు 2,048 బైట్లే పడతాయి కాబట్టి వీసీడీని ఐఎస్‌ఓగా దాచడం కుదరదు. సెక్టర్‌కు 2,352 బైట్లు తీసుకునే బిన్ ఫైలు, దాని అమరికను చెప్పే క్యూ ఫైలు అనే జంటగా దాచాలి. ఎంపెగ్ వీడియో ఉన్న డాట్ (.dat) ఫైలును ఫోల్డర్ తెరిచి నేరుగా లాగి పడేస్తే విండోస్ దాని చుట్టూ తన సొంత పైపొర చుట్టి ఇస్తుంది, లినక్స్ చాలాసార్లు చదవలేనని ఆపేస్తుంది. రెండోది, ఒక్కసారి చదివి నమ్మడానికి లేదు. మేము ప్రతి వీసీడీని రెండు డ్రైవుల్లో చదివి, హ్యాష్‌లు సరిపోతేనే అంగీకరించాము. సరిపోకపోతే మూడోసారి చదివి, తేడా ఉన్న సెక్టర్లను గుర్తించి, ఆ చోట్ల వీడియోను కంటితో చూసి నిర్ణయించాము. చదవడానికి సీడీఆర్‌డావ్, ఆ ఇమేజ్ నుంచి ఎంపెగ్ ఫైలును వేరు చేయడానికి వీసీడీఇమేజర్ వాడాము. రెండూ పాతవే గాని వీసీడీ కూడా పాతదే, ప్రమాణం ఇక మారేది లేదు.

కావాలని పెట్టిన దోషాలు

అనుమతి ఉన్న అచ్చు డీవీడీల్లో కొన్ని మరో చిక్కు తెచ్చాయి. ఒక డిస్క్ గాజులా మెరుస్తూ ఉన్నా, ఏ డ్రైవులో పెట్టినా అవే సెక్టర్లలో దోషం వచ్చింది. గీతల వల్ల వచ్చే దోషాలు డ్రైవును బట్టి కొంత అటూ ఇటూ కదులుతాయి, అంచులు మారతాయి. కావాలని పెట్టిన దోషాలు కదలవు. సోనీ తెచ్చిన ఆర్కాస్ వంటి రక్షణ పద్ధతులు సినిమా దారిలో లేని సెక్టర్లను ఉద్దేశపూర్వకంగా పాడుచేసి వదులుతాయి. ప్లేయర్ డిస్క్‌లోని సూచనల ప్రకారం నడుస్తుంది కాబట్టి అక్కడికి పోదు. మొదటి నుంచి చివరి దాకా చదివే కాపీ సాఫ్ట్‌వేర్ మాత్రం అక్కడ చిక్కుకుంటుంది. రెండు డ్రైవుల మ్యాప్ ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూడటం వల్లనే ఈ రెండు రకాలను వేరు చేయగలిగాము. మ్యాప్ ఫైలు లేని సాఫ్ట్‌వేర్‌తో అయితే ఆ డిస్క్ పాడైందని పక్కన పెట్టేసేవాళ్లం.

డీవీడీ సినిమాలకు వేసే సీఎస్ఎస్ తాళం ఉన్న డిస్కుల విషయంలో మరొక సంగతి చెప్పాలి. 40 బిట్ల ఆ తాళానికి సంబంధించిన డిస్క్ తాళంచెవి మామూలు సెక్టర్లలో కాకుండా లోపలి అంచున ఉన్న ప్రత్యేక ప్రాంతంలో ఉంటుంది. అందుచేత సెక్టర్లను ఉన్నదున్నట్టు ఇమేజ్ చేసినంత మాత్రాన సంపూర్ణమైన బ్యాకప్ అనిపించుకోదు. చెవి లేకుండా పెట్టెను మాత్రమే దాచినట్టు అవుతుంది. అనుమతి ఉన్న ఆ డిస్కులను తాళం తీసిన స్థితిలోనే దాచాలని నిర్ణయించి, అనుమతి పత్రం ప్రతిని ఆ ఫైళ్ల పక్కనే పెట్టాము. హక్కుదారు దగ్గర తాళం లేని మాస్టర్ ఉండి ఇవ్వగలిగితే డిస్క్ జోలికి పోకుండా అదే తీసుకున్నాము. అది అన్నివిధాలా మెరుగైన దారి.

ఇమేజ్, ఎంకేవీ, మళ్లీ కుదించిన ఫైలు

కాపీ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులను కలిపి అమ్మడం ఈ సాఫ్ట్‌వేర్‌ల అలవాటు. ఇమేజ్ అంటే డిస్క్ మొత్తం: మెనూలు, అధ్యాయాలు, అదనపు దృశ్యాలు, ఉపశీర్షికలు, అన్నీ. ఎంకేవీ అంటే మెనూలు వదిలి, ఎంచుకున్న సినిమా భాగంలోని వీడియో, ధ్వని, ఉపశీర్షికలను ఏ మార్పూ లేకుండా ఒకే సంచిలోకి సర్దడం. మేక్ఎంకేవీ చేసేది ఇదే. మూడోది, వీడియోను మళ్లీ కుదించి చిన్నది చేయడం. హ్యాండ్‌బ్రేక్ అందుకోసం ఉన్నది. వీటిలో మొదటి రెండూ నాణ్యతను ముట్టుకోవు. మూడోది ఎంత జాగ్రత్తగా చేసినా కొంత పోగొడుతుంది, పోయినది తిరిగి రాదు. ఒకప్పుడు 8.5 జీబీ డిస్కును 4.7 జీబీ ఖాళీ డిస్కులో పట్టించడానికి డీవీడీ ష్రింక్ వంటివి అవసరమయ్యాయి. హార్డ్ డిస్కులు టెరాబైట్ల లెక్కన దొరుకుతున్న కాలంలో భద్రపరిచే ప్రతిని కుదించడానికి నాకు ఒక్క కారణం కూడా కనబడటం లేదు.

మేక్ఎంకేవీని తాళం లేని డిస్కులు, ఇమేజ్‌ల మీద పరీక్షించాము. చదవలేని చోటు వస్తే అది ఏ స్థానంలో వచ్చిందో సందేశాల్లో చెబుతుంది, అది మెచ్చుకోవలసిన గుణం. అయితే దాని మామూలు అమరికలో 120 సెకన్ల కంటే చిన్న భాగాలను జాబితాలో చూపదు. వాణిజ్య సినిమాకు అది సౌకర్యమే, అక్కరలేని ప్రకటనలు తప్పుకుంటాయి. విద్యార్థుల డిస్కుల్లో నిమిషం నిడివి లఘుచిత్రాలు వరసగా ఉన్నాయి కాబట్టి మేము ఆ పరిమితిని సున్నాకు దించాము. ఇంకొక సూక్ష్మం ఉంది: ఎంకేవీ ఫైలులో ప్రతిసారీ కొత్త గుర్తింపు సంఖ్య చేరుతుంది కాబట్టి ఒకే డిస్కు నుంచి రెండుసార్లు తీసిన ఫైళ్ల హ్యాష్‌లు ఎప్పుడూ సరిపోవు. వాటిని పోల్చాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని స్ట్రీమ్‌హ్యాష్ సదుపాయంతో లోపలి వీడియో, ధ్వని ప్రవాహాలకు మాత్రమే హ్యాష్ లెక్కగట్టాలి. ఎంకేవీ ఫైలుకు ఆధారమైన మెట్రోస్కా అన్న ఈ సంచి 2002లో మొదలై, 2024లో ఆర్ఎఫ్‌సీ 9559 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా బహిరంగ ప్రమాణమైంది. మా రెండో షరతును అది పూర్తిగా నెరవేరుస్తుంది.

తరగతిలో చూపే ప్రతుల కోసం హ్యాండ్‌బ్రేక్‌ను వాడాము, అదీ డిస్క్ మీద కాకుండా ముందే సరిచూసిన ఇమేజ్ మీద. దాని మార్గదర్శకం సాధారణ డీవీడీ నాణ్యతకు 18 నుంచి 22 మధ్య ఆర్ఎఫ్ విలువను (తక్కువైన కొద్దీ నాణ్యత పెరిగే సంఖ్యను) సూచిస్తుంది. మేము 18 దగ్గర ఉంచాము. జాగ్రత్త పడవలసినది ఆ సంఖ్య కంటే ఇంటర్‌లేసింగ్ విషయంలో. చర్చల రికార్డింగులు సరి, బేసి గీతలు విడివిడిగా తీసిన వీడియో. వాటికి గీతలు కలిపే వడపోత కావాలి. ఫిల్మ్ నుంచి వచ్చిన సినిమాల్లో 24 ఫ్రేములను 29.97కు సాగదీసిన వాటికి వేరే వడపోత కావాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఊహించే అవకాశం ఇవ్వకుండా, ప్రతి డిస్క్ రకానికి ఒక అమరిక రాసి పెట్టాము. ఇక్కడ పొరబాటు జరిగినా ఇమేజ్ ఉంది కనుక మళ్లీ చేసుకోవచ్చు.

బ్లూ-రేలు

బ్లూ-రేల పని తక్కువ. పొరకు 25 జీబీ పడుతుంది, పైన గట్టి పూత ఉంటుంది, గీతల సమస్య దాదాపు రాలేదు. సినిమా ఎక్కువగా ఎం2టీఎస్ అనే వీడియో ఫైళ్ల ముక్కలుగా ఉండి, వాటి వరస ప్లేలిస్ట్ ఫైళ్లలో ఉంటుంది. కొన్ని డిస్కుల్లో ముక్కల వరసను తారుమారు చేసిన నకిలీ ప్లేలిస్టులు వందల్లో పెడతారు, అన్నీ ఒకే నిడివితో. నిడివిని బట్టి ఎంచుకునే సాఫ్ట్‌వేర్ అక్కడ తప్పు వరస తీసుకునే ప్రమాదం ఉంది. నిజమైన ప్లేయర్‌లో సినిమా నడుస్తుండగా ఏ ప్లేలిస్ట్ ఆడుతోందో చూసి ఎంచుకోవాలి. బ్లూ-రేల తాళమైన ఏఏసీఎస్ రక్షణ ఉన్న డిస్కులతో ఒక మేలు ఉంది: వాటిలో వీడియో భాగాలకు హ్యాష్ పట్టిక కూడా అచ్చు వేసి ఉంటుంది, మేక్ఎంకేవీ దానితో సరిచూసి తేడా వస్తే చెబుతుంది. ఇలాంటి సదుపాయం డీవీడీలో ఉండి ఉంటే మా పని చాలా భాగం తప్పేది.

అమలు చేసిన పద్ధతి

ఇప్పుడు బృందం పాటిస్తున్న క్రమం ఇది. డిస్కును తుడిచి, వెలుతురులో వాలుగా పట్టుకుని చూసి, కనిపించిన గీతలను నమోదు పుస్తకంలో రాస్తారు. డీవీడీ అయితే డీడీరెస్క్యూతో ఇమేజ్ తీస్తారు. మ్యాప్‌లో ఖాళీలు మిగిలితే రెండో డ్రైవులో కొనసాగిస్తారు. ఖాళీలు లేకపోయినా, ఇంకో ప్రతి లేని డిస్కులను రెండు డ్రైవుల్లో విడివిడిగా చదివి హ్యాష్ పోల్చడం తప్పనిసరి. సూచిక ఫైలైన ఐఎఫ్ఓ దెబ్బతింటే దాని నకలైన బీయూపీ ఫైలు డిస్క్‌లో మరో చోట ఉంటుంది కాబట్టి దాన్ని తెచ్చి నింపుతారు. రికార్డర్‌లో ముగింపు ప్రక్రియ చేయకుండా వదిలేసిన డీవీడీ-ఆర్‌లు కంప్యూటర్‌కు ఖాళీగా కనిపిస్తాయి; వాటికి మాత్రం ఐసోబస్టర్ ఉపయోగపడింది. ఇమేజ్, మ్యాప్, హ్యాష్, నమోదు కాగితం నకలు, నాలుగూ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్ మూడు చోట్ల ఉంటుంది, అందులో ఒకటి వేరే భవనంలో.

వేగం గురించి వారికి మొదట ఉన్న ఆత్రుత కూడా క్రమంగా తగ్గింది. డీవీడీ మూల వేగం సెకనుకు 1.385 ఎంబీ; ఆ వేగంతో నిండుగా ఉన్న ఒక పొర డిస్క్ చదవడానికి దాదాపు 57 నిమిషాలు పడుతుంది. మంచి డిస్కులు దానికి ఎన్నో రెట్లు వేగంగా ముగుస్తాయి. పాడైన డిస్కులను నేనే కావాలని తక్కువ వేగంలో చదివించాను, ఎందుకంటే తిరుగుడు తగ్గితే లేజర్ గురి తప్పడం తగ్గి, కొన్ని మొండి సెక్టర్లు లొంగుతాయి. డిస్క్ తన పాటికి తాను చదువుకుంటూ ఉంటే మనిషి పక్కన కూర్చోవలసిన పని లేదు కాబట్టి గంటలు పట్టినా నష్టం లేదు.

పూర్తిగా రాని డిస్కులు కొన్ని మిగిలాయి. వాటి ఇమేజ్‌లకు అసంపూర్ణం అన్న గుర్తు పెట్టి, పోయిన సెక్టర్లు సినిమాలో ఏ నిమిషం దగ్గర వస్తాయో కనిపెట్టి నమోదులో రాశాము. వాటిలో అచ్చు డిస్కులకు ఒక మార్గం తెరిచే ఉంది: ఒకే అచ్చు నుంచి వచ్చిన డిస్కుల్లో ప్రతి సెక్టర్ ఒకే స్థానంలో ఉంటుంది. ఇంకెవరి దగ్గరైనా అదే ముద్రణకు చెందిన మరో ప్రతి ఉంటే, ముందు రెండింటిలోనూ చదవగలిగిన భాగాలు సరిపోతున్నాయో లేదో చూసి, సరిపోతే మన మ్యాప్ ఫైలు ఆధారంగా ఖాళీలను మాత్రమే దాని నుంచి నింపుకోవచ్చు. రెండు సినిమాలకు అలాంటి ప్రతులను అరువు ఇవ్వడానికి మరో గ్రంథాలయం ఒప్పుకుంది. అవి వచ్చేదాకా ఆ ఇమేజ్‌లు, వాటి మ్యాప్ ఫైళ్లతో సహా, తెరిచిన పనిగానే ఉంటాయి. విద్యార్థుల డీవీడీ-ఆర్‌లకు ఆ అవకాశం లేదు. కనుక వాటిలో అసంపూర్ణంగా వచ్చిన వాటి అసలు డిస్కులను పారేయవద్దని, మరింత సున్నితంగా చదివే డ్రైవ్ దొరికినప్పుడల్లా మ్యాప్‌లోని ఖాళీలను మళ్లీ ప్రయత్నించమని రాతపూర్వకంగా సూచించాను.